డేరాలో పడక: ముందు నేల సంగతి చూసుకోండి

పాఠకుల ప్రశ్నలు. జవాబులు రాస్తున్నది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ముప్పై ఏళ్లుగా పరుపులు కుడుతున్న మా శీర్షిక రచయిత్రి.

ప్రశ్న: నమస్తే అమ్మా. గుణుపురంలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. సెప్టెంబరులో మేం నలుగురు స్నేహితురాళ్లం అరుణాచల్‌లో జీరో అనే లోయలో జరిగే సంగీతోత్సవానికి వెళ్తున్నాం. నాలుగు రాత్రులూ టెంట్‌లోనే. ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకి ఒక స్లీపింగ్ బ్యాగ్ ఉంది, మూడు వేలకి ఇంకోటి ఉంది. రెండింటి మీదా సున్నా డిగ్రీలు అనే రాశారు. మనిషికి నాలుగు వేలు దాటి పెట్టలేం. ఏది కొనమంటారు? మా అమ్మేమో ఇంట్లో బొంత పట్టుకెళ్లమంటోంది.

జవాబు: అమ్మాయీ, బ్యాగ్ సంగతి కాసేపు ఆగి చెబుతాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కప్పుకునేదాని గురించి అంతా రాశావు, కింద పరుచుకునేదాని ఊసే లేదు. ఆ నాలుగు వేలలో మొదటి రూపాయి దానికే పెట్టాలి.

ఎందుకంటావా? మా నాన్న జయపురంలో దూది ఏకేవారు. ఆయన విల్లు నాకంటే పొడుగు. దాని నరాన్ని పాత దూదిలో ఉంచి కొయ్య గుండుతో కొడుతుంటే వీధి చివరికి వినపడేది ఆ మోత. పదేళ్లు ఒళ్ల కింద నలిగి అట్ట కట్టిన దూది ఆ నరం దెబ్బకి విడివడి, పాలనురుగులా లేచి గోడవార పడేది. మూట కట్టి తెచ్చిన రెండు కిలోల దూది సాయంత్రానికి గదిలో సగం ఆక్రమించేది. తూకం వేస్తే మళ్లీ ఆ రెండు కిలోలే. పెరిగిందల్లా గాలి. దూది చేసే పని ఆ గాలిని కదలకుండా పట్టి ఉంచడం. వెచ్చదనమంతా అక్కడుంది.

ఇప్పుడు స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి పడుకున్నావనుకో. పై పొర ఉబ్బే ఉంటుంది. నీ వీపు కింది పొర మాత్రం ఒంటి బరువుకి అణిగి, మా ఇంటికొచ్చిన పాత పరుపుల్లా అట్ట అయిపోతుంది. అందులో గాలి లేదు కాబట్టి అక్కడ బ్యాగ్ ఉన్నా లేనట్టే. తడి నేల తెల్లవార్లూ నీ ఒంట్లో వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది.

నేను జీరో చూశాను. మూడేళ్ల కిందట మా అమ్మాయి వెళ్తానంటే తోడుగా వెళ్లాను. చుట్టూ పైన్ చెట్ల కొండలు, మధ్యలో అక్కడి అపతానీ తెగ వాళ్ల వరిమళ్లు. అదే నీళ్లలో వాళ్లు చేపలూ పెంచుతారు. 2012లో మొదలైన పండుగ. వెదురుతో కట్టిన వేదికలు రెండు, పగటిదానికి సూర్యుడి పేరు, రాత్రిదానికి చంద్రుడి పేరు. అంత అందమైన చోట పాట వినడం నా జన్మలో అదే మొదలు. కానీ సెప్టెంబరులో అక్కడ వాన ఇంకా వెనక్కి పోదు. లోయ 1,500 మీటర్లకి పైన ఉంది, అంటే మన కోరాపుట్ కంటే బాగా ఎత్తు. పగలు పలచటి చొక్కా చాలు, పొద్దు గూకగానే చలి కోటు వెతుక్కోవాలి.

మేం అద్దెకి తీసుకున్న టెంట్‌లో పడక పేరుతో ఒక స్పాంజి ముక్క వేశారు. నా చేతికి అలవాటే కదా, వేలితో నొక్కి చూశాను. వేలు తిన్నగా నేలకి తగిలింది. అయినా అలసిపోయి ఉన్నాం, పడుకున్నాం. రాత్రి రెండింటికి తుంటి దగ్గర మొదలైన చలి నడుముదాకా పాకింది. పైన రెండు కంబళ్లున్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. మర్నాడు ఒక కొట్టతన్ని బతిమాలి నాలుగు అట్టపెట్టెలు తెచ్చాం. వాటిని విప్పి పరిచి, పైన ఆ స్పాంజి వేసుకున్నాం. అట్ట మడతల మధ్య గొట్టాల్లాంటి గాలి అరలుంటాయి చూడు, అవే కాపాడాయి. ఆ రాత్రి మా అమ్మాయి ఒక కంబళి తీసి పక్కన పెట్టేసింది.

కాబట్టి ముందు మ్యాట్ కొను. మంచి మ్యాట్‌ల మీద ఆర్ విలువ అని ఒక అంకె ఉంటుంది. చలిని ఎంత అడ్డుకుంటుందో అది చెబుతుంది, అంకె పెరిగితే వెచ్చదనం పెరిగినట్టు. ఇదివరకు ఎవరి లెక్క వాళ్లది. 2020 దగ్గర్నుంచి పేరున్న కంపెనీలు చాలా వరకు ఒకే పరీక్షతో కొలిచి వేస్తున్నాయి, దాని పేరు ఏఎస్‌టీఎం ఎఫ్ 3340. మీరు వెళ్లే కాలానికి 2 ఉంటే చాలు. దాదాపు రెండు సెంటీమీటర్ల మందంతో, గుడ్ల అట్టలా గుంటలు గుంటలుగా ఉండి, మడతలు పెట్టుకునే ఫోమ్ మ్యాట్‌లు ఆ దరిదాపుల్లో ఉంటాయి. గాలి కొట్టే పని లేదు, ముల్లు గుచ్చుకున్నా భయం లేదు, తడిస్తే తుడిస్తే చాలు. పగలు వేదిక ముందు కూర్చోవడానికీ అదే. ఇంకో మంచి సంగతి, ఈ అంకెల్ని కూడుకోవచ్చు. 2 మీద ఒకటిన్నర పరిస్తే మూడున్నర అవుతుంది. ఇంట్లో యోగా మ్యాట్ ఉంటే దాన్ని పారేయకు, అడుగున వెయ్యి.

ఇక సున్నా డిగ్రీల సంగతి. నికరంగా పరీక్ష చేసిన బ్యాగ్ మీద ఒక అంకె ఉండదు, మూడుంటాయి. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం వేసేవి అవి. మొదటిది కంఫర్ట్: మామూలు ఆడమనిషి కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగల చలి. రెండోది లిమిట్: మామూలు మగమనిషి ముడుచుకుని పడుకుంటే తట్టుకోగల చలి. మూడోది ఎక్స్‌ట్రీమ్: అక్కడ నిద్రమాట అటుంచి, ప్రాణం నిలబడితే చాలు. ఒకే ఒక్క అంకె పెద్దక్షరాలతో వేశారంటే అది మూడోది అయినా కావచ్చు, ఎవరూ కొలవకుండా వేసినదైనా కావచ్చు. నువ్వు కంఫర్ట్ అంకె ఒక్కటే చదువు. అది పది డిగ్రీల దగ్గర ఉన్న బ్యాగ్ జీరో లోయలో సెప్టెంబరుకి సరిపోతుంది. సున్నా కంఫర్ట్ బ్యాగ్ కొంటే డబ్బూ దండగ, మోసే బరువూ దండగ, చెమట పట్టి అర్ధరాత్రి జిప్పు తీసేస్తావు. ఇంకోమాట: ఆ పరీక్షలో వాడే బొమ్మని కూడా మ్యాట్ మీదే పడుకోబెడతారు. మ్యాట్ లేకుండా పడుకుంటే బ్యాగ్ మీది ఏ అంకే నీకు వర్తించదు.

లోపలి సరుకు పాలియెస్టర్ దూది ఉన్నది తీసుకో. బాతు ఈకల నూగు దానికంటే తేలిక, వెచ్చన, కానీ తడిస్తే ముద్దకట్టి చచ్చిపోతుంది, పైగా మీ డబ్బుకి రాదు. పాలియెస్టర్ తడిసినా కొంత ఉబ్బు నిలుపుకుంటుంది, తొందరగా ఆరుతుంది. కొనేముందు ఒక పని చెయ్యి. బ్యాగ్‌ని సంచిలోంచి తీసి, పావుగంట వదిలెయ్. తరవాత అరచెయ్యి వేసి మెల్లగా నొక్కి వదులు. చెయ్యి వెంటే పైకి లేస్తే మంచి సరుకు. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే ఆ బ్యాగ్ నీ దగ్గరికి రాకముందే ముసలిదైపోయింది. తరవాత దీపానికి అడ్డంగా పట్టుకుని చూడు. కుట్టు వెంబడి వెలుతురు గీతల్లా కనపడితే అక్కడ సరుకు లేదన్నమాట, చలి ఆ గీతల వెంటే లోపలికొస్తుంది.

మీ అమ్మ బొంత మాటకొస్తే, అమ్మ ప్రేమని నేను కాదనను. పాత చీరలు పొరలుగా పరిచి దారం పోసి కుట్టిన బొంత మన ఇళ్లలో ఏ రజాయికీ తీసిపోదు. కానీ నూలు నీళ్లని తాగుతుంది. జీరో గాలిలో ఒకసారి తడిసిందంటే మీరు తిరిగొచ్చేదాకా ఆరదు, మోయలేక చేతులు పడిపోతాయి. బొంతకి బదులు అమ్మని ఒక పాత నూలుచీర అడుగు. నీ పొడవుకి ఒక మూరెడు ఎక్కువ ఉండేలా కత్తిరించి, నిలువుగా మడిచి, అడుగునా ఒక పక్కనా కుట్టేస్తే సంచి అవుతుంది. బ్యాగ్ లోపల అది వేసుకుని పడుకో. నైలాన్ ఒంటికి అంటుకోదు, చెమటా మురికీ చీరకే పడతాయి, ఉక్కపోసిన రాత్రి చీరసంచి ఒక్కటే కప్పుకోవచ్చు. అమ్మ కప్పినట్టూ ఉంటుంది.

మూడు వేల బ్యాగే కొంటే మ్యాట్‌కి వెయ్యే మిగులుతుంది, అందుకని తొందరపడకు. కంఫర్ట్ పది డిగ్రీలు ఉన్నది ఇంకా తక్కువలో దొరుకుతుందేమో చూడు, లేకపోతే నలుగురూ కలిసి ట్రెక్కింగ్ సామాన్లు అద్దెకిచ్చే చోట బ్యాగ్‌లు మాత్రం తెచ్చుకుని, మ్యాట్‌లు సొంతానికి కొనుక్కోండి. బ్యాగ్‌ని రెండు మందపాటి ప్లాస్టిక్ కవర్లలో మూతి మెలిపెట్టి సర్దండి. రక్సాక్ మీద వేసే వానతొడుగుని నమ్ముకోవద్దు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోండి, అది లేకుండా అరుణాచల్‌లోకి రానివ్వరు.

ప్రశ్న: అమ్మా, నేను పర్లాకిమిడిలో హైస్కూల్ ఉపాధ్యాయుణ్ణి. వయసు 52. నడుం నొప్పి పదేళ్లుగా ఉంది. మా అబ్బాయి ఈసారి నన్ను కూడా పాటల పండుగకి రమ్మంటున్నాడు. గాలి పరుపు తీసుకుంటానంటున్నాడు. మడత మంచం మేలా? నేల మీద పడుకుంటే లేవగలనా అని భయంగా ఉంది.

జవాబు: మాస్టారూ, తప్పకుండా వెళ్లండి. కొడుకు పిలిచాడు, అంతకంటే ఏం కావాలి.

గాలి పరుపు మెత్తగా ఉంటుంది, నిజమే. దాంతో నాకు జరిగింది చెబుతాను. ఐదేళ్ల కిందట డిసెంబరులో దేవమాలి కొండ కింద మా బంధువులతో రెండు రాత్రులున్నాం. జానెడు మందం గాలి పరుపు తీసుకెళ్లాను, పైకి రెండు రజాయిలు. పరుపుల మనిషిని కదా, ఇంత ఎత్తు ఉంటే చలి ఎక్కడిదనుకున్నాను. తెల్లవారుజాముకి పళ్లు టకటక కొట్టుకున్నాయి. లోపల అరలూ దూదీ లేని వట్టి గాలి సంచి అది. ఒంటి వేడికి పైనున్న గాలి వెచ్చబడుతుంది, అడుగున నేలకి తగిలే గాలి చల్లబడుతుంది, లోపల అది తిరుగుతూనే ఉంటుంది, వెచ్చదనాన్ని నేలకి మోసుకుపోతూనే ఉంటుంది. గాలిని దూది పట్టి ఉంచాలని నాన్న చేతిలో చూస్తూ పెరిగిన నేను ఆ ఒక్క సంగతీ మరిచిపోయాను. రెండో రోజు పొలం కాపలా గుడిసెలో ఉండే ఒక పెద్దాయన మా అవస్థ చూసి రెండు మోపుల వరిగడ్డి ఇచ్చాడు. గాలి పరుపు తీసేసి గడ్డి జానెడు మందం పరిచి, దాని మీద బరకం, బరకం మీద దుప్పటి. పొద్దెక్కేదాకా లేవలేదు.

మడత మంచానికీ అదే కథ. ఎండాకాలం మనం నవారు మంచం ఎందుకు వాకిట్లో వేసుకుంటాం? కింది నుంచి గాలి ఆడి వీపు చల్లబడుతుందని. చలి రాత్రి కూడా ఆ గాలి ఆడుతుంది. కాబట్టి మంచం తీసుకెళ్తే దాని మీద ఫోమ్ మ్యాట్ వేసుకోవాల్సిందే. ఆ షరతు మీద మీకు మంచమే మేలు. మోకాళ్ల ఎత్తున కూర్చుని లేవొచ్చు, నేల మీంచి లేచే బాధ తప్పుతుంది. టెంట్‌లో పట్టే పొడవో కాదో, దాని కాళ్లు అడుగు బట్టని చింపుతాయో లేదో ముందే ఇంట్లో వేసి చూసుకోండి. కాళ్ల కింద పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగితే బట్ట చిరగదు.

మంచం మోయలేం అనుకుంటే, లోపల ఫోమ్ ఉండి దానంతటదే ఉబ్బే మ్యాట్ తీసుకోండి. ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందం ఉన్నది. అందులో గాలి ఫోమ్ గదుల్లో చిక్కుకుని ఉంటుంది కనుక తిరగదు. కొట్లోనే పడుకుని చూడండి, మొహమాటపడొద్దు. మీరు పక్కకి తిరిగి పడుకునే మనిషైతే, తుంటి కిందకి చెయ్యి దూర్చండి. చెయ్యి వెనకవైపు నేల గట్టిగా తగిలిందా, ఆ మ్యాట్ మీకు చాలదు. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద బట్టల మూట పెట్టుకోండి, నడుం వంపు నేలకి ఆనుతుంది, నొప్పి కొంత తగ్గుతుంది. పక్కకి పడుకుంటే అదే మూట మోకాళ్ల మధ్యకి.

గాలి నింపడంలో ఒక జాగ్రత్త. నోటితో ఊదకండి, ఊపిరిలో తేమ లోపల చేరి బూజు పడుతుంది. పంపు వాడండి. సాయంత్రం గట్టిగా నింపిన మ్యాట్ అర్ధరాత్రికి మెత్తబడితే చిల్లి పడిందని కంగారు పడకండి, చలికి లోపలి గాలి కుంచించుకుంటుంది. పడుకోబోయే ముందు మళ్లీ రెండు దెబ్బలు వేస్తే చాలు. మధ్యాహ్నం ఎండలో టెంట్ మూసి వెళ్లేటప్పుడు మాత్రం మూత కొంచెం వదలండి, వేడికి ఉబ్బి కుట్టు దగ్గర విడిపోతుంది.

డాక్టరు రాసిచ్చిన మాత్రలు, నడుం పట్టీ అబ్బాయి సంచిలో వద్దు, మీ సంచిలోనే ఉంచుకోండి.

ప్రశ్న: మేం రాయగడ కుర్రాళ్లం. ప్రతి డిసెంబరులో గిటార్లు పట్టుకుని దేవమాలి వైపు వెళ్లి రెండు రాత్రులు టెంట్ వేస్తాం. పోయినేడు కొత్త టెంట్ కొన్నాం. తెల్లారేసరికి లోపలంతా తడి, దుప్పట్లు చెమర్చాయి. వాన చుక్క లేదు. టెంట్ కారుతోందా? ఈసారి చలికి లోపల చిన్న కుంపటి పెట్టుకుందామని అనుకుంటున్నాం.

జవాబు: బాబూ, రెండో ప్రశ్న ముందు. కుంపటి వద్దు. పెట్టొద్దు. టెంట్‌లోనే కాదు, తలుపులు మూసిన గదిలో కూడా వద్దు. బొగ్గు నిప్పు మీద కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు. ముందు తలనొప్పిలా, మత్తులా ఉంటుంది, నిద్ర వస్తోందనుకుంటారు. ఆ నిద్రలోంచి లేవరు. నిప్పు ఆరిపోయినట్టు పైన బూడిద కనపడుతున్నా లోపల కనకన కాలుతూనే ఉంటుంది, ఆ గాలి వస్తూనే ఉంటుంది. మన కొండల్లో చలికాలం కుంపటి అలవాటు, నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఉండేది. వాకిట్లో పెట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్లం, పడుకునే ముందు నీళ్లు పోసేవాళ్లం. మీరూ బయట మంట వేసుకోండి, పాడుకోండి, ఆర్పి లోపలికి వెళ్లండి. గ్యాస్ పొయ్యి, దోమల చక్రం కూడా టెంట్ లోపల వెలిగించకూడదు. నైలాన్ అంటుకుంటే జిప్పు వెతుక్కునే లోపే అయిపోతుంది. ఈ ఒక్క మాట మీ అందరూ వినాలి, మీతో వచ్చే కొత్తవాళ్లకి చెప్పాలి.

టెంట్ కారలేదు. ఆ తడి మీ ఊపిరిదే. నలుగురు రాత్రంతా మూసిన గుడ్డలో ఊపిరి వదిలితే ఆ ఆవిరి చల్లటి పైబట్టకి తగిలి నీటిబొట్లవుతుంది. చలికాలం వేడి అన్నం గిన్నె మీద మూత పెట్టి తీస్తే కింది వైపు బొట్లు జారతాయే, అదే. చలి అని కిటికీలన్నీ మూసేసి ఉంటారు. పైన ఉండే గాలి రంధ్రాలు తెరిచే ఉంచండి, తలుపు జిప్పు పైభాగం ఒక బెత్తెడు తీసి ఉంచండి. తల బ్యాగ్ లోపలికి దూర్చి ఊపిరి వదలకండి, బ్యాగే తడుస్తుంది. చెవులకి ఉన్ని టోపీ, ముక్కు బయట. తడిసిన సాక్సులు లోపల ఆరేయకండి. తెల్లవారాక ఎండ తగలగానే పైబట్టని తిరగేసి ఆరబెట్టి మడవండి.

టెంట్ వేసే చోటు కూడా చూసుకోండి. చల్లటి గాలి బరువు, అది నీళ్లలాగే పల్లానికి దిగి గుంటలో నిలుస్తుంది. మరీ గుంటలో వద్దు, మరీ శిఖరం మీద గాలికి ఎదురుగా వద్దు. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో దానికంటే ఎత్తయింది లేదు. మా జయపురం కంటే దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కువ. వెయ్యి మీటర్లకి సుమారు ఆరు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. కాబట్టి కింద జయపురంలో పొద్దున ఎన్ని డిగ్రీలు ఉందో చూసి, అందులో ఆరు తగ్గించి మీ బ్యాగ్ అంకెతో పోల్చుకోండి. డిసెంబరులో మీకు అడుగున ఆర్ విలువ 3 దాటి ఉండాలి. రెండు ఫోమ్ మ్యాట్‌లు ఒకదాని మీద ఒకటి వేసినా అవుతుంది. వరిగడ్డి దొరికితే అడిగి తీసుకుని, వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చి రండి.

పడుకునేటప్పుడు పగలు తిరిగిన బట్టలు విప్పేయండి. చెమటతో అవి తడిగానే ఉంటాయి, పైకి తెలియదు. పొడి బనీను, పొడి సాక్సులు ఒక జత నిద్రకే కవర్లో దాచిపెట్టుకోండి. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకుని, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే కుంపటి గుర్తే రాదు. ఏదైనా తిని పడుకోండి. ఉత్త కడుపుకి ఒళ్లు వేడెక్కదు.

ఇంకోటి. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు మలేరియా మనకి తెలియనిది కాదు. చలికాలమని దోమతెర వదిలెయ్యకండి. టెంట్ తలుపుకి ఉండే జాలీ చిరగకుండా చూసుకోండి, సాయంత్రం లైటు వేసే ముందే దాన్ని మూసెయ్యండి.

ప్రశ్న: సునాబెడా నుంచి రాస్తున్నాను. దిండు ఏది తీసుకెళ్లాలి? గాలి దిండు మీద నాకు మెడ పట్టేస్తుంది.

జవాబు: గాలి దిండులో సగమే గాలి నింపి, పైన మీ స్వెట్టర్ చుట్టి గలీబులో దూర్చండి. మెడ జారదు. పొడి ప్రదేశమైతే చిన్న బూరుగు దూది దిండు కుట్టించుకోండి. బూరుగు దూది నీళ్లని మామూలు దూదిలా తాగదు, తేలిక, తల పెడితే చల్లగా ఉంటుంది. నేను ఎక్కడికెళ్లినా నాతో వచ్చేది అదొక్కటే, జానెడున్నర పొడవు, ముప్పావు కిలో కూడా ఉండదు.

ప్రశ్న: మాది బరంపురం. మా అమ్మాయి పాటల పండుగకి వెళ్తోంది. రాత్రి మూడింటిదాకా మోత ఉంటుందట, పొద్దున ఐదింటికే వెలుతురట. నాలుగు రోజులు నిద్ర లేకపోతే జబ్బు పడుతుందని భయం. ఏమైనా చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, మీ భయం సరైనదే. చలి కంటే నిద్రలేమితోనే ఎక్కువమంది నీరసపడటం జీరోలో నా కళ్లతో చూశాను.

చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిరడాలు నాలుగు జతలు కొని ఇవ్వండి. ఎలా పెట్టుకోవాలో చాలామందికి తెలియదు, ఊరికే కుక్కి పనిచేయలేదంటారు. శుభ్రమైన వేళ్లతో బిరడాని పుల్లలా సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. అది లోపల మెల్లగా ఉబ్బి చెవిని నింపుతుంది. అప్పుడు వేదిక మీది డప్పు పక్క ఊళ్లో మోగినట్టు ఉంటుంది. రాత్రి టెంట్‌లో ఒకరు పెట్టుకుంటే ఇంకొకరు పెట్టుకోకుండా వంతులు వేసుకోమనండి, ఆడపిల్లలున్నచోట ఒక చెవి మెలకువగా ఉండటం మంచిది. వేదిక పక్కనే నిలబడి వినేటప్పుడు కూడా బిరడాలు వాడితే చెవులకి మేలు.

వెలుతురుకి కళ్లగంత ఒకటి నల్ల గుడ్డతో ఇంట్లోనే కుట్టండి. టెంట్‌ని తూర్పున చెట్టో గట్టో ఉండేలా వేసుకుంటే పొద్దున రెండు గంటలు ఎక్కువ నీడ దొరుకుతుంది. ఎండ పడిందంటే ఏడింటికే లోపల ఉడికిపోతుంది. మరుగుదొడ్ల దారిలో టెంట్ వేసుకోవద్దనండి, రాత్రంతా జనం తాళ్లు తన్నుకుంటూ నడుస్తుంటారు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యాహ్నం వేళ గంటన్నర పడుకోమనండి. ఏదో ఒక పాట పోతుంది. పోనీ. సాయంత్రం పాటలన్నీ బాగా వినపడతాయి.

ప్రశ్న: జయపురం. స్లీపింగ్ బ్యాగ్ కొని రెండేళ్లయింది. మొదట్లో బొద్దుగా ఉండేది, ఇప్పుడు పలచబడిపోయింది. మళ్లీ ఏకించొచ్చా?

జవాబు: మా వీధి వాళ్లే అయి ఉంటారు, ఏకించడం అన్నమాట రాశారు కనుక. పాలియెస్టర్‌ని మా విల్లు ఏకలేదమ్మా, దాని పోగులు విరిగాయంటే విరిగినట్టే. అయితే సగం ఉబ్బు ఇంకా ఉండొచ్చు. మీరు ఈ రెండేళ్లూ దాన్ని కొన్నప్పటి చిన్న సంచిలోనే కుక్కి ఉంచారు కదూ? ఆ సంచి ప్రయాణానికి మాత్రమే. ఇంటికి రాగానే తీసి, పెద్ద దిండు గలీబులో వదులుగా పెట్టి బీరువా పైన పడెయ్యాలి. మెలిపెట్టి పిండితే పోగులు చిట్లుతాయి. పెద్ద టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు వేసి కాళ్లతో మెల్లగా తొక్కి, పిండకుండా నీళ్లు కారనిచ్చి, రెండు చేతులా కింది నుంచి ఎత్తి నులక మంచం మీద పరవండి. ఒక కొన పట్టుకుని లాగి ఎత్తితే తడి బరువుకి లోపల సరుకు తెగి ఒక మూలకి చేరుతుంది. దూది పరుపుని మనం నడిఎండలో వేస్తాం, దీన్ని మాత్రం గాలి వచ్చే నీడలో ఆరేయండి, ఎండకి నైలాన్ బలం పోతుంది. సగం ఆరాక ఉండలు కట్టిన చోట వేళ్లతో చిదుపుతూ విడదీయండి. ఓపికతో చేస్తే రెండు రోజులు పడుతుంది. అప్పటికీ లేవకపోతే శనివారం సాయంత్రం కొట్టుకి తీసుకురండి. విప్పి కొత్త సరుకు వేసి, అరలు మళ్లీ కుట్టిస్తాను. పాత జిప్పు బాగుంటే అదే వాడదాం.